కీ.శే. నిలవని పేరు

దయ్యాలు, జిన్నులు, గాలి సోకడం లాంటి వాటి మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. మా నానీ, అంటే అమ్మమ్మ, బతికున్నప్పుడు వేసవి సాయంత్రాలు పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని జిన్నుల కథలు చెప్పేది. మిగతావాళ్లు ఒకరి మీద ఒకరు పడి వినేవాళ్లు. నేను మాత్రం మధ్యలో లేచి, ఆ జిన్నును నువ్వు చూశావా, ఎవరైనా చెప్పారా అని అడిగి తిట్లు తినేదాన్ని. ఇప్పటికీ ఎవరింట్లోనైనా పిల్లాడికి జ్వరమొచ్చింది, తాయెత్తు కట్టిస్తామంటే, ముందు రక్తపరీక్ష చేయించండి అనే మనిషిని.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి "పాపం, మెత్తని మనసు, భ్రమపడి ఉంటుంది" అనుకునే వీలు మీకు ఇవ్వకూడదని. నా మనసు అంత మెత్తనిది కాదని మా బజారులో ఎవరినడిగినా చెబుతారు. పేర్లు మార్చాను. ఇంటిపేర్లు రాయడం లేదు. మిగతాది జరిగింది జరిగినట్టే.

నరసరావుపేటలో మాకు చిన్న ప్రింటింగ్ షాపు ఉంది. ముందు గదిలో కంప్యూటర్ మీద నేను మ్యాటర్ కొడతాను. వెనక గదిలో మా ఆయన ఖాసిం మిషను నడుపుతాడు. పెళ్లికార్డులు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు, పెద్దకర్మలు, అన్నీ చేస్తాం. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ అయినా నేను తెలుగు మీడియంలో చదివాను. చి.ల.సౌ. ఎక్కడ రావాలో, కనిష్ఠ పుత్రిక అని ఎప్పుడు రాయాలో నాకు పంతుళ్ల కంటే బాగా తెలుసని మా ఆయన ఎగతాళి చేస్తుంటాడు.

పెళ్లికార్డు చూసేవాళ్లకి రంగుకాగితం. కొట్టించేవాళ్లకి అదొక పంచాయితీ. బాబాయి పేరు మేనమామ పేరు కంటే కింద పడిందని కార్డులు తిప్పి పంపినవాళ్లున్నారు. బావగారి పేరు సన్న అక్షరాల్లో వచ్చిందని పెళ్లికే రానివాళ్లున్నారు. వీటన్నిటిలోకీ ప్రమాదకరమైనవి కీ.శే. అనే రెండక్షరాలు. చనిపోయినవాళ్ల పేరు ముందు అవి లేకపోతే తప్పు. బతికున్నవాళ్ల పేరు ముందు పడితే ఇక చెప్పక్కర్లేదు.

అలా ఒకసారి పడింది కూడా. మాలాంటి షాపుల్లో చాలామంది కొత్త కార్డును కొత్తగా కొట్టరు. పాత పెళ్లి ఫైలు తెరిచి దానిమీదే పేర్లు మార్చేస్తారు. మా ఆయనా అదే చేశాడు. పాత కార్డులోని కీ.శే. అలాగే ఉండిపోయి రాజుపాలెం వైపు ఒక తాతగారి పేరు ముందు కూర్చుంది. ఆ పెద్దాయన చేతికర్ర పట్టుకుని బస్సు దిగి వచ్చాడు. కార్డు బల్లమీద పెట్టి, "నేను ఎప్పుడు పోయానో చెప్పండయ్యా, దినం భోజనానికి నేనూ వస్తా" అన్నాడు. మా ఆయన ఆయనకి టీ తెప్పించి, కార్డులన్నీ మళ్లీ వేసిచ్చాడు.

ఆ తర్వాత పాత ఫైలు ముట్టుకోవద్దని మా షాపులో నేనే రూలు పెట్టాను. కంప్యూటర్లో ఒక సాఫ్ట్‌వేర్ వేయించుకున్నాను. మామూలుగా ఏదైనా కాపీ చేసి, ఇంకోటి కాపీ చేయగానే మొదటిది పోతుంది. ఈ సాఫ్ట్‌వేర్ పోనివ్వదు. కాపీ చేసిన ప్రతి ముక్కనీ వరసగా దాచిపెడుతుంది. ఏ రోజు, ఏ టైముకి కాపీ చేశామో, ఏ ప్రోగ్రాంలోంచి తీశామో పక్కనే చూపిస్తుంది. తరచుగా కావలసినవి పిన్ను చేసి పైన పెట్టుకోవచ్చు, వాటిని వాడినప్పుడల్లా కూడా టైముతో ఒక గీత పడుతుంది. ఫోల్డర్లు చేసుకోవచ్చు, వెతుక్కోవచ్చు.

మాకు ఇది చాలా అవసరం. పార్టీవాళ్లు, అంటే కార్డు కొట్టించేవాళ్లు, మ్యాటర్ ఒక్కసారిగా పంపరు. తాత పేరు వాట్సాప్‌లో, ముహూర్తం ఫోటోలో, కల్యాణమండపం పేరు వాయిస్ మెసేజ్‌లో, మర్చిపోయిన మేనత్త పేరు అర్ధగంట తర్వాత. వచ్చిన ముక్కనల్లా కాపీ చేసి ఆ పార్టీ ఫోల్డర్లో వేసుకుంటాను. అన్నీ చేరాక ఖాళీ కార్డు తెరిచి ఒక్కొక్కటే పేస్ట్ చేస్తాను. శ్రీ, కీ.శే., శ్రీమతి లాంటివి పైన పిన్ను చేసి ఉంటాయి. వంటింట్లో పోపులపెట్టె ఎట్లాగో నాకది అట్లాగ. చూడకుండానే చెయ్యి పోతుంది. పార్టీవాళ్లు గొడవకొస్తే, మీరు పంపింది ఇదీ, నేను పెట్టింది ఇదీ అని టైముతో సహా చూపించేదాన్ని. దాంతో గొడవలు చాలా తగ్గాయి.

ఇక కోటేశ్వరమ్మ సంగతి. ఆమెది రొంపిచెర్ల. నరసరావుపేటకి బేల్దారి పనికి వస్తుంది. మా షాపు పై అంతస్తు కట్టినప్పుడు ఇటుకలు మోసింది. అప్పటినుంచి నన్ను నూరమ్మా అంటుంది, నేను అక్కా అంటాను. ఆమె భర్త ఏడుకొండలు లారీ క్లీనరు. పిడుగురాళ్లలో సున్నం లోడుతో హైదరాబాదు వైపు వెళ్తూ, దారిలో ఒక హోటల్ దగ్గర దిగాడు. తిరిగి లారీ ఎక్కలేదు. డ్రైవరు చాలాసేపు చూసి వెళ్లిపోయాడట. పోలీసు కంప్లైంటూ ఇచ్చారు, ఊళ్లూ తిరిగారు, సోదీ అడిగారు. అప్పటికి వాళ్ల కూతురు రెండు జడలతో బడికి పోయే పిల్ల. ఆ పిల్లకి పెళ్లీడు వచ్చినా ఆయన జాడ లేదు.

కోటేశ్వరమ్మ మాత్రం బొట్టు తీయలేదు. మట్టెలు తీయలేదు. ఊళ్లో కొందరు వెనక నవ్వుకునేవాళ్లని ఆమే నాకు చెప్పింది.

పిల్లకి కారంపూడి సంబంధం కుదిరింది. మంచి సంబంధమే. కార్డు మ్యాటర్ ఇవ్వడానికి కోటేశ్వరమ్మ, ఆమె మరిది శీను కలిసి వచ్చారు. నేను అడిగి కొట్టుకుంటూ పోతున్నాను. తండ్రి పేరు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ ఆగిపోయారు.

శీను గొంతు తగ్గించి, కీ.శే. పెట్టమన్నాడు. పెళ్లికొడుకు తండ్రి ఫోన్లో గట్టిగా చెప్పాడట. పేరు ముందు ఏమీ లేకపోతే, మనిషేడని కార్డు అందుకున్న ప్రతివాళ్లూ అడుగుతారు. వదిలేసి పోయాడా, ఇంకో సంసారం పెట్టాడా అంటారు. కీ.శే. ఉంటే ఎవరూ ఏమీ అడగరు. మర్యాదగా పోతుంది.

పెళ్లికొడుకు తండ్రి లెక్క ఆయనకి సరే. కానీ ఆ రెండక్షరాలు అచ్చుపడిన రోజునుంచి కోటేశ్వరమ్మ ఊరందరికీ విధవ. మన వైపు అది ఎట్లా ఉంటుందో చెప్పక్కర్లేదు. కూతురికి పసుపు రాయకూడదు, గాజులు తొడగకూడదు, తలంబ్రాల పళ్లెం ముట్టుకోకూడదు. పెళ్లి పందిట్లో వెనక వరసలో కూర్చోవాలి. ఇన్నేళ్లు ఇటుకలు మోసి పిల్లని పెంచింది ఆ ఒక్క రోజు ముందు నిలబడటానికే.

"మనిషి పోయినట్టు ఎవురన్నా చూశారా శీనూ?" అందామె.

"నాకు మాత్రం సరదానా వదినా? నా తోడబుట్టినోడు. కారంపూడోళ్లు ఒప్పుకోకపోతే పిల్ల గతేంది?"

కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకున్నాను. కానీ లోపల కోపం వచ్చింది, దాయడం దేనికి. చివరికి ఆమె నా వైపు తిరిగి, "సరే, ఏసెయ్ నూరమ్మా. కాయితం మీద చంపితే మనిషి చస్తాడా" అంది. తర్వాత శీను ఆడపిల్ల తరఫు మిగతా పేర్లు చెబుతుంటే కొట్టుకున్నాను.

మర్నాడు గురువారం కార్డు తయారుచేశాను. పైనున్న పిన్నుల్లోంచి కీ.శే. తీసి ఏడుకొండలు పేరు ముందు పేస్ట్ చేశాను. ప్రూఫ్ తీశాను. ప్రూఫ్‌లో కీ.శే. లేదు, శ్రీ ఉంది.

ఇందులో వింతేమీ లేదు. నా పిన్నుల్లో శ్రీకి కింద కీ.శే. ఉంటుంది. చెయ్యి ఒక గీత పైన పడి ఉంటుందనుకున్నాను. శ్రీని చెరిపేసి, ఈసారి చూసి మరీ కీ.శే. పెట్టి, మళ్లీ ప్రూఫ్ తీశాను. సరిగ్గా వచ్చింది. సాయంత్రం శీను వచ్చి ప్రతి గీతా చదువుకుని ప్రూఫ్ కింద సంతకం పెట్టాడు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందులో తాతల పేర్ల ముందు కీ.శే. ఉంది, ఏడుకొండలు పేరు ముందు కూడా ఉంది.

సంతకం పడ్డాక ఫైలు ముట్టుకోకూడదు, మళ్లీ చదవకూడదు. అది కూడా నేను పెట్టిన రూలే. చదివితే ఏదో ఒకటి మార్చబుద్ధవుతుంది, మారిస్తే కొత్త తప్పు పుడుతుంది.

శుక్రవారం జుమ్మా నమాజుకి మా షాపు మూస్తాం. మా ఆయన మసీదుకి పోతాడు, నేను ఇంటికి పోతాను. ఒకప్పుడు ఎలుకలు వైరు కొరికి పొగ వచ్చింది కాబట్టి, మూసేటప్పుడు ఆయన మెయిన్ స్విచ్ దించే పోతాడు. యూపీఎస్ బ్యాటరీ పాడైపోయి చాలా రోజులైంది, మార్పించలేదు. అంటే ఆ సమయంలో షాపులో ఫ్యాను కాదు కదా గడియారం తప్ప ఏదీ నడవదు. ఆ శుక్రవారమూ అంతే. తాళం నేనే వేశాను.

తిరిగి వచ్చాక కంప్యూటర్ ఆన్ చేసి, కోటేశ్వరమ్మ వాళ్ల ఫైలు ప్రింటు తీసి మా ఆయనకి ఇచ్చాను. ఆయన ప్లేటు చేసి మిషనెక్కించాడు. సాయంత్రానికి కార్డులు కట్టలు కట్టి పెట్టాం.

శనివారం ఇద్దరూ వచ్చారు. శీను ఒక కార్డు తీసి చదివాడు. చదివినవాడు తలెత్తి నా వైపు చూసిన చూపు నాకు గుర్తుంది. కార్డు నా ముందు పెట్టాడు. ఏడుకొండలు పేరు ముందు శ్రీ ఉంది. కట్టల్లోంచి ఇంకో నాలుగు లాగి చూశాను. అన్నిట్లో అదే. ఫైలు తెరిచాను. ఫైల్లోనూ అదే. పక్కన సంతకం చేసిన ప్రూఫ్ పెట్టి చూపించాను. అందులో కీ.శే. ఉంది.

"ఇదేం పని?" అన్నాడు శీను. అనడంలో తప్పులేదు. తప్పు మాదే, మళ్లీ వేసిస్తాం, ఒక్క రోజు ఆగమని మా ఆయన వెనక గదిలోంచి వచ్చి చెప్పాడు.

కోటేశ్వరమ్మ కార్డు అందుకుంది. ఆమెకి చదువు కొద్దిగా వచ్చు. వేలు పెట్టుకుని అక్షరం అక్షరం చదివింది. ఆ పేరు దగ్గర వేలు ఆపి కాసేపు అలాగే ఉంచింది.

"ఇట్టాగే పంచుతా," అంది.

శీను ఏదో అనబోయాడు. ఆమె వినలేదు. "నేను ఏయమన్నా గదా. నూరమ్మ ఏసింది గదా, నువ్వు సంతకం పెట్టావు గదా. నిలవలా. ఇంక నన్ను అడగబాకండి." సంచి తెరిచి కట్టలన్నీ సర్దుకుని, డబ్బులిచ్చి వెళ్లిపోయింది. శీను వెనకే వెళ్లాడు.

వాళ్లు పోయాక, నేను గురువారం కీ.శే. పెట్టిన మాట నిజమేనా కాదా అని నాకే అనుమానం వచ్చింది. సాఫ్ట్‌వేర్లో హిస్టరీ తెరిచాను. గురువారం గీతలున్నాయి. ఏడుకొండలు పేరుకి శ్రీ కాదు, రెండుసార్లూ కీ.శే.యే తీశాను. అంటే మొదటి ప్రూఫ్‌కి కూడా నా చెయ్యి తప్పలేదు.

ఇంకాస్త పైకి వెళ్తే శుక్రవారం గీతలు. షాపు మూసే ముందు కొట్టిన గృహప్రవేశం మ్యాటర్ ఉంది. తిరిగొచ్చాక కొట్టినవి ఉన్నాయి. ఆ రెండింటికీ మధ్యలో ఒకటుంది. టైము చూస్తే ఒంటిగంట దాటాక. మామూలుగా ఏ ప్రోగ్రాంలోంచి తీశామో పేరుండే చోట ఖాళీగా ఉంది. అందులో ఉన్న మాటలు ఇవి:

పేరు ఏడుకొండలు అంట. ఊరు రొంపిచెర్ల అంట.

నేను మొదట అనుకున్నది, ఇట్లా ఎవరు రాస్తారు అని. పెళ్లికార్డు మ్యాటర్లో అంట గింట అని ఎవరూ రాయరు. కోటేశ్వరమ్మ గానీ శీను గానీ పంపిన మెసేజ్‌లన్నీ వెతికాను. లేదు. నా ఫోన్లో, మా ఆయన ఫోన్లో వెతికాను. ఎక్కడా లేదు. మా ఆయన చూసి, సాఫ్ట్‌వేర్ పాడైంది, తీసిపారెయ్యమన్నాడు. పై అంతస్తులో కంప్యూటర్లు రిపేరు చేసే అబ్బాయిని పిలిచాను. గడియారం బ్యాటరీ అయిపోతే టైములు తప్పు పడతాయన్నాడు. చూస్తే ముందు గీతా, వెనక గీతా సరైన టైములే చూపిస్తున్నాయి. ఫోనుతో కలిపి పెట్టారేమో, అక్కడినుంచి వచ్చి ఉంటుందన్నాడు. కలపలేదు. అసలు కరెంటే లేని కంప్యూటర్లోకి ఏదైనా ఎట్లా వస్తుందని అడిగాను. అతను తల గోక్కుని, చూస్తానక్కా అని పోయాడు. ఇప్పటికీ చూస్తూనే ఉన్నాడు.

నువ్వే లోపల ఇష్టం లేక, తెలియకుండా మార్చేసి ఉంటావని మా ఆయన అన్నాడు. నాకు ఇష్టం లేని మాట నిజం. ఆ మాట నేనూ ఆలోచించాను. కానీ శ్రీ పెట్టింది నేనే అనుకున్నా, ఆ అంట, అంట రాసింది నేను కాదు. ఆ గీతని చెరపకుండా పిన్ను చేశాను. ఎందుకు చేశానో చెప్పలేను. చెరిపితే ఎవరిదో సొమ్ము పారేసినట్టుంటుంది అనిపించింది.

పెళ్లి రొంపిచెర్లలోనే జరిగింది. కారంపూడి వియ్యంకుడికి శీను ఫోన్ చేసి, ప్రెస్సోళ్ల తప్పు, ముహూర్తం దగ్గరకొచ్చింది, మళ్లీ వేయించే టైము లేదని చెప్పాడట. ఆయన గొణిగాడు గానీ ఒప్పుకున్నాడు. ఆ పుణ్యమా అని కారంపూడి నుంచి మాకు ఈ రోజు వరకు ఒక్క ఆర్డరు రాలేదు.

మేమిద్దరం పెళ్లికి వెళ్లాం. కన్యాదానానికి శీను, ఆయన భార్య కూర్చున్నారు. కూతురికి గాజులు తొడిగింది మాత్రం కోటేశ్వరమ్మే. తలంబ్రాల పళ్లెం పట్టుకుంది కూడా ఆమే. నుదుట రూపాయంత బొట్టు. ఎవరో ఒకావిడ నా పక్కన కూర్చుని, మొగుడు ఏ గంగలో కలిశాడో గానీ దీని సింగారం తగ్గలేదని సణిగింది. నేను లేచి ఇంకో కుర్చీలోకి మారాను.

పెళ్లయిన కొన్నాళ్లకి శీను ఒక్కడే షాపుకి వచ్చాడు. చేతిలో ఫోను, మొహం పాలిపోయి ఉంది. ఏదో ఫోటో ప్రింటు తీసివ్వమన్నాడు. వాళ్ల గ్రూపులో ఎవరో ఫార్వర్డ్ చేశారట, ఫోను అద్దం పగిలి సరిగ్గా కనపడటం లేదు, కాగితం మీద పెద్దగా కావాలన్నాడు. నా ఫోన్‌కి పంపించుకుని తెరిచాను. నెరిసిన గడ్డం, నుదుటి మీద పాత దెబ్బ మచ్చ, చేతిలో అన్నం పళ్లెం. గోడకి ఆనుకుని కూర్చున్న ఒక మనిషి. ఏడుకొండల్ని నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. అయినా నా చూపు మొహం మీద నిలవలేదు. ఫోటో కింద రాసిన మాటలు చూశాను.

పేరు ఏడుకొండలు అంట. ఊరు రొంపిచెర్ల అంట.

శీనుకి ఆ రోజు ఏమీ చెప్పలేదు. ఆయనకి అప్పుడు కావలసింది ఫోటో. పెద్దగా ప్రింటు తీసి ఇచ్చాను. ఆయన పోయాక, పిన్ను చేసిన గీత తెరిచి ఆ మాటలతో అక్షరం అక్షరం సరిచూసుకున్నాను.

ఆయన ఉన్నది మిర్యాలగూడ వైపు, దిక్కులేనివాళ్లని చేరదీసే ఒక ఆశ్రమంలో. శీను, కోటేశ్వరమ్మ వెళ్లి తీసుకొచ్చారు. తలకి ఎప్పుడో పెద్ద దెబ్బ తగిలింది. రోడ్ల మీద తిరుగుతుంటే ఎవరో చేర్పించారు. అంతకుమించి ఎవరికీ తెలియదు.

ఫోటో కింద ఇచ్చిన నంబరుకి నేనే ఫోన్ చేశాను. ఆశ్రమంలో పనిచేసే ఒకాయన మాట్లాడాడు. ప్రింటింగ్ షాపు ఆవిడకి ఇదంతా ఎందుకని అనుకుని ఉంటాడు, అయినా ఓపిగ్గా చెప్పాడు. "ఎన్ని దినాలు అడిగినా పేరు చెప్పలేదమ్మా. ఆ దినం శుక్రవారం, మస్జిదు నుంచి మాకు అన్నం వస్తది. తినుకుంట తినుకుంట తనంతట తనే చెప్పిండు. చెప్పంగనే ఫోటో తీసి నేనే రాసి గ్రూపుల పెట్టిన." ఏ శుక్రవారమో అడిగాను. ఆయన తన ఫోన్లో వెతికి, తను పెట్టిన మొదటి మెసేజ్‌ని రోజు, టైము కనపడేట్టు నాకు పంపాడు.

అదే శుక్రవారం. టైము కూడా ఒంటిగంట దాటాకే. కాకపోతే నా కంప్యూటర్లో ఉన్న టైము ఆయన మెసేజ్ కంటే కొద్దిగా ముందుంది. ఆయన రాయకముందే ఆయన రాసిన మాటలు నా దగ్గర ఉన్నాయి. దీన్ని చాలా రకాలుగా తిప్పి చూశాను. ఎట్లా తిప్పినా ఇంతే వస్తోంది.

ఇది కోటేశ్వరమ్మకి చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించి, చెప్పాను. స్క్రీన్ మీద చూపించాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "ఆ పూటే కదా మీరు అచ్చేసింది," అని మాత్రం అంది. తర్వాత ఆయన తిండి సంగతి మాట్లాడింది. పప్పు ఇష్టంగా తింటున్నాడట, పచ్చడి ముట్టుకోవడం లేదట.

నేను ఆయన్ని ఒక్కసారే చూశాను. వాళ్లింటికి వెళ్లినప్పుడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. భార్యని గుర్తుపట్టాడు. కూతురిని పట్టలేదు. కొత్తగాజులతో, మొగుడితో వచ్చిన పిల్లని చూసి ఎవరమ్మాయివి అని అడిగి, బడి వదిలే వేళయింది, మా పాప రాలేదేమని వీధిలోకి చూసేవాడట. నేను వెళ్లిన రోజు కోటేశ్వరమ్మ పెళ్లికార్డు తీసి ఆయన చేతికిచ్చింది. ఆయన పైకి చదివాడు. పెళ్లికూతురి పేరు చదివాడు. శ్రీ ఏడుకొండలు అని తన పేరు చదివాడు. అక్కడ ఆగి, మళ్లీ మొదటినుంచి చదివాడు. ఆ కార్డు దిండు కింద పెట్టుకుంటాడని, రోజూ చదువుతాడని ఆమె చెప్పింది. ఎప్పుడో ఒకరోజు కూతుర్ని పేరుపెట్టి పిలిచాడట. ఆ పిల్ల కారంపూడి నుంచి ఫోన్లో వింటూ ఏడ్చిందట.

మామిడికాయల కాలం దాటకుండానే ఆయన పోయాడు. నిద్రలోనే.

పెద్దకర్మ కార్డుకి కోటేశ్వరమ్మే వచ్చింది. శీనుని పంపకుండా తనే ఎందుకు వచ్చిందో నాకు అప్పుడు అర్థం కాలేదు. కుర్చీ లాక్కుని నా పక్కన, స్క్రీన్ కనపడేట్టు కూర్చుంది. బొట్టు ఇంకా ఉంది. పెద్దకర్మ రోజు తీస్తారు.

ఖాళీ కార్డు తెరిచాను. ఆయన పేరు కొట్టాను. పేరు ముందు చోటు వదిలి ఆగాను.

"ఏసి చూడు నూరమ్మా," అంది. "అప్పుడు నిలవలా గదా. చూద్దాం, నిలుస్తదో లేదో."

అప్పటికి ఆయన్ని మట్టి చేసి వచ్చారు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకి అంతకంటే బాగా తెలుసు. అయినా పిన్నుల్లోంచి కీ.శే. తీసి పేస్ట్ చేశాను. ఇద్దరం స్క్రీన్ వైపు చూస్తూ కూర్చున్నాం. ఫైలు మూసి మళ్లీ తెరవమంది. తెరిచాను. ఉంది. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టమంది. పెట్టాను. ఉంది. ప్రూఫ్ తీయమంది.

ఆ శుక్రవారం ఏం జరిగిందో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ గీత ఇంకా పిన్నుల్లో అన్నిటికంటే కింద ఉంది. పని చేసుకుంటుంటే రోజూ కనపడుతుంది, దాటి పోతుంటాను. దయ్యాల మీద నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. ఎవరైనా తెలిసినవాళ్లు దీనికి కారణం చెబితే వినడానికి సిద్ధంగా ఉన్నాను. నేను చెప్పగలిగింది ఒక్కటే. ఆ ప్రూఫ్ ప్రింటర్లోంచి మెల్లగా బయటికి వస్తున్నంతసేపూ, ఏదీ నమ్మని నేను కూడా, ఆ పేరు ముందు ఆ రెండక్షరాలు ఉండకూడదని కోరుకుంటూ చూశాను.

ఉన్నాయి. ఆమె కాగితం అందుకుని, పేరు మీద వేలు పెట్టి చదివింది. "నిలిచింది," అంది. కాగితం బల్లమీద పెట్టి, "అయితే పోయాడు," అని, సంతకం ఎక్కడ పెట్టాలని అడిగింది.